ముందు ఇరుసు మార్చాలా, వద్దా?

గోదావరి కాలువలకు నీళ్లు వదిలి, ద్రాక్షారామం చుట్టుపక్కల చేలల్లో దమ్ము మొదలైందంటే ట్రాక్టర్ షెడ్ల దగ్గర ఒక పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది. "ఏవండీ మేస్త్రిగారూ, మన టూవీల్ బండికి ముందు ఫోర్‌వీల్ యాక్సిల్ ఎక్కించేస్తే పోలా?" మేస్త్రి అనుభవజ్ఞుడైతే వెంటనే అవునూ అనడు, కాదూ అనడు. "యాక్సిల్ ఒక్కటే అయితే ఎక్కించొచ్చండి. దానెనకాల చాలా ఉంటాయండి" అంటాడు. ఆ వెనకాల ఉన్నవేమిటో చూద్దాం.

టూవీల్ ట్రాక్టర్లో ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే పోతుంది. ముందు చక్రాలు దారి చూపడానికీ, బరువు మోయడానికీ మాత్రమే. గట్టి నేల మీద దీంతో ఏ ఇబ్బందీ లేదు. డెల్టా ఒండ్రు బురదలో మాత్రం చిన్న ముందు చక్రం దిగబడి, తన ముందు తానే ఒక మట్టి గట్టు పోసుకుంటుంది. వెనక చక్రాలు ఆ గట్టును కూడా నెట్టుకుంటూ పోవాలి. ముందు చక్రానికీ బలం అందిస్తే అది గట్టును నెట్టడం మాని, ఎక్కి దాటుతుంది. ఫోర్‌వీల్ మహిమంతా ఇంతే.

ఇంకో లాభమూ ఉంది, అది ప్రాణాలకు సంబంధించింది. దిగబడ్డ బండిని తీయడానికి వెనక దమ్ము చక్రాలకు దుంగ కట్టి యాక్సిలరేటర్ తొక్కేవాళ్లను చూస్తూనే ఉంటాం. దుంగ నేలకు తన్ని చక్రం తిరగనంటే, ఇంజన్ బలం ఊరుకోదు. చక్రాన్ని తిప్పాల్సిన బలం బండి ఒంటినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం గాల్లోకి లేస్తుంది, డ్రైవర్ దూకేలోపే బండి వెనక్కి తిరగబడుతుంది. ముందు చక్రాలూ లాగే బండి అసలు దిగబడే సందర్భాలే తగ్గుతాయి. దుంగ మాత్రం ఏ బండికీ కట్టకండి.

మరి ఇంత మేలైన ఏర్పాటు మొదటినుంచీ ఎందుకు లేదు? ముందు చక్రం రెండు పనులు చేయాలి కాబట్టి. అది బలంతో తిరగాలి, స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కకూ మళ్లాలి. వంగిన షాఫ్టు గుండా బలం పంపడం కష్టమైన పని. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్లో ఓటో జాకోవ్, విలియం బెసర్‌డిక్ అనే బావా బావమరుదులు మెషిన్ షాపు నడిపేవారు. తిరుగుతూనే మళ్లే ముందు ఇరుసుకు 1908లో పేటెంటు సంపాదించింది వాళ్లే. గుండ్రటి గుల్లలో జాయింటును దాచిన ఆ ఏర్పాటుతో తయారైన లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో బురద రోడ్లపై నడిచాయి.

జాయింటు చిక్కు మాత్రం అప్పటికి పూర్తిగా తీరలేదు. మెకానిక్కులు క్రాస్ అనే మామూలు యూనివర్సల్ జాయింటును 30 డిగ్రీలు వంచి, ఇటువైపు నిమిషానికి 100 చుట్లు సమంగా తిప్పితే, అటువైపు వేగం 87కీ 115కీ మధ్య ఊగుతుంది, అదీ ఒక్కో చుట్టులో రెండేసి సార్లు. చక్రం కుదుపుగా తిరుగుతుంది, స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. 1926 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో గ్రెగ్వార్, అమెరికాలో ఫోర్డ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా దీనికి విడివిడిగా మందు కనిపెట్టారు. జెప్పా రెండు గిన్నెల మధ్య గాళ్లలో ఆరు ఉక్కు గోళీలు పెట్టాడు. షాఫ్టు ఎంత వంగినా గోళీలు ఆ కోణానికి సరిగ్గా సగంలోనే నిలుస్తాయి, అందుకే రెండు వైపులా వేగం ఒక్కటే.

1940 సెప్టెంబర్ 23న బాంటమ్ కంపెనీ అమెరికా సైన్యానికి మొదటి జీపు నమూనా అప్పగించింది. ఇరుసులు కొత్తగా తయారుచేసే వ్యవధి లేక, స్పైసర్ కంపెనీ స్టూడ్‌బేకర్ చాంపియన్ కారు ఇరుసుల్నే మార్చి ఇచ్చింది. ఆనక లక్షల్లో జీపులు కావాల్సి వచ్చేసరికి ముందు ఇరుసు జాయింట్లకే కరువొచ్చింది. ఒకే రకం చాలక నాలుగు రకాల జాయింట్లు వాడారు. అదే జీపు వంశం స్వాతంత్ర్యం తర్వాత మహీంద్రా చేతిమీదుగా మనదేశానికీ వచ్చింది.

వరిచేనుకు ఇదీ చాలదు. ట్రాక్టర్ ముందు చక్రం జీపు చక్రం కన్నా చాలా ఎక్కువ మళ్లాలి. రోజంతా బురదలో మునిగి ఉండాలి. కుబోటా లాంటి జపాన్ ట్రాక్టర్లు జాయింటునే తీసేశాయి. ఇరుసు చివర నిలువు షాఫ్టు, దానికి పైనా కిందా బెవెల్ గేర్లు, అంతా ఆయిల్లో మూసిన గుల్ల. చక్రం ఆ నిలువు షాఫ్టు చుట్టూ మళ్లుతుంది కాబట్టి వంగాల్సిన జాయింటే లేదు. దమ్ములో నాకు నచ్చేది ఈ రకమే. అయితే హబ్బు దగ్గర గడ్డిపోచలు చుట్టుకుని ఆయిల్ సీలును కోసేస్తాయి. సీజన్లో వారానికోసారైనా ఆ చుట్టల్ని కోసి తీయకపోతే ఎంత ఖరీదైన ఇరుసులోకైనా బురద చేరుతుంది.

ఇప్పుడు మేస్త్రి చెప్పిన "వెనకాల"కు వద్దాం. ముందు ఇరుసుకు బలం గేరుబాక్సు నుంచి రావాలి. మీ గేరుబాక్సుకు ఆ ఏర్పాటు లేకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ఉందనుకుందాం. ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి. రెండూ నేల మీద ఒకే వేగంతో నడవాలంటే ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ల లెక్క ఆ టైర్లకు సరిపోవాలి. నిజానికి ముందు చక్రం 1 నుంచి 5 శాతం వేగంగా ఉండాలి, అప్పుడే లాగుతుంది. అంతకన్నా వెనకబడితే బండికి బ్రేకులా పనిచేస్తుంది, మరీ ముందుకుపోతే టైరు అరుగుతుంది, పళ్లు విరుగుతాయి. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి పరుగెత్తి, ఒకటి నింపాదిగా నడిస్తే విరిగేది కాడే కదా.

దీన్ని ఎవరైనా సుద్దముక్కతో కొలవొచ్చు. గట్టి నేల మీద టైర్లకు గుర్తు పెట్టి, ఫోర్‌వీల్ తీసేసి వెనక చక్రం 10 చుట్లు తిరిగేలా నడిపి ముందు చక్రం చుట్లు లెక్కపెట్టండి. ఫోర్‌వీల్ వేసి మళ్లీ లెక్కపెట్టండి. మొదట 15, తర్వాత పదిహేనున్నర వస్తే తేడా 3 శాతం పైచిలుకు, అంటే బాగున్నట్టే. వెనక టైర్లు తీసి దమ్ము చక్రాలు బిగిస్తే, వాటి వ్యాసం టైరు వ్యాసంతో సమానం కాదు గనక ఈ లెక్క తారుమారవుతుంది. బురదలో చక్రం కాస్త జారి ఆ తేడాను మింగేస్తుంది, గట్టి దారి మీద మింగదు. దమ్ము చక్రాలతో తారురోడ్డు ఎక్కడం ఎలాగూ తప్పే, ఫోర్‌వీల్ వేసి ఎక్కడం బండికి కూడా చేటు.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే బీమా దగ్గర ఈ మాటే అడ్డం రావచ్చు.

నా తీర్పు ఇది. దమ్ము ఏడాదికి రెండు పంటలకే, మిగతా కాలమంతా ధాన్యం, ఇటుక తోలే బండికి ఇరుసు మార్చొద్దు. మంచి దమ్ము చక్రాలు, సరైన ముందు బరువులు చాలు. చిన్న మళ్లలో టూవీల్ బండి తక్కువ చోటులో మలుపు తిరుగుతుంది కూడా. సార్వా, దాళ్వా అద్దె దమ్ములే జీవనాధారమైతే పాత బండి అమ్మి, కంపెనీ ఫోర్‌వీల్‌కే వెళ్లండి. అదే మోడల్ ఫోర్‌వీల్‌గానూ వస్తూ, కంపెనీ ఇరుసే దొరికి, కంపెనీ డీలరే బిగించి ఆర్‌సీలో రాయిస్తానంటే ఆలోచించొచ్చు. పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరికిందని, పళ్ల లెక్క తెలియని ఇరుసు మాత్రం ఇంటికి తేకండి.