వెంటిలేటర్‌పై ఊపిరి తీసేది మెషీనా, పేషెంటా? 'మెషీన్‌తో ఫైట్' అంటే అసలు అర్థం ఇదీ..

వెంటిలేటర్ పెట్టారంటే ఇక ఊపిరంతా మెషీనే తీస్తుందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా కాదు. అసిస్ట్ మోడ్‌లో ఊపిరి మొదలుపెట్టేది పేషెంటే. కాస్త లాగగానే మెషీన్ పసిగట్టి గాలి పంపుతుంది. ఇద్దరి లయ కుదరకపోతేనే చిక్కు. 'మీవాళ్లు మెషీన్‌తో ఫైట్ చేస్తున్నారు' అని ఐసీయూ బయట చెప్పేది దీని గురించే.

సీఓపీడీ ఉన్నవాళ్లలో పాత గాలి పూర్తిగా బయటకు రాకముందే కొత్త శ్వాస మొదలవుతుంది. లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడిని దాటి లాగితేనే మెషీన్‌కు తెలిసేది. అంత బలం లేక కొన్ని ప్రయత్నాలు వృథా అవుతాయి. స్క్రీన్‌పై నిమిషానికి 16 శ్వాసలే కనిపించొచ్చు.. పేషెంట్ మాత్రం 28 సార్లు ప్రయత్నిస్తూ ఉండొచ్చు! అందుకే డాక్టర్లు నంబర్‌తో సరిపెట్టుకోకుండా ఛాతీ కదలిక, గ్రాఫ్ కూడా చూస్తారు. విచిత్రం ఏంటంటే.. ఒక్కోసారి సపోర్ట్ తగ్గిస్తేనే లయ కుదురుతుంది. ఎక్కువ గాలి పంపితే లోపల చిక్కుకునేదీ ఎక్కువే మరి.

ఏఆర్‌డీఎస్‌లో సీన్ వేరు. మెషీన్ ఆపేసినా పేషెంట్ ఇంకా లాగుతుంటే వెంటనే రెండో శ్వాస వచ్చి పడుతుంది. ఇదే డబుల్ ట్రిగ్గరింగ్. 2000లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో 861 మంది ఉన్నారు. ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. గాలి ఇస్తే మరణాలు 39.8 నుంచి 31 శాతానికి తగ్గాయి. ఇప్పుడు 6 మీద ఇంకో 6 పడితే? మళ్లీ 12 దగ్గరికే! దీనికి మత్తు పెంచడం ఒక్కటే దారి కాదు. మెషీన్ గాలి పంపే టైమ్ కాస్త పెంచినా చాలామందిలో లయ కుదురుతుంది.