మిత్రుడు కూర్చున్న చోటు

స్నేహమును గురించి పుస్తకము వ్రాయవలెనని మనుష్యునికి ఎప్పుడు తోచును? మిత్రుడు ఎదుట ఉన్నంతకాలము మాటలతోనే ప్రొద్దు గడచిపోవును. కలము పట్టవలసిన అగత్యము కలుగదు. వినువాడు లేచిపోయిన తరువాతనే చెప్పవలసినవి ఎన్ని మిగిలిపోయినవో తెలియవచ్చును. మైత్రిని గురించి లోకములో నిలిచిన ఉత్తమ రచనలను కొన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, అవి ఇట్లు ఒక ఖాళీ చోటును ఎదుట పెట్టుకొని వ్రాసినవే అని తేలును. ఈ సంగతి గమనించి చదివినవారికి ఆ గ్రంథముల కంఠస్వరమే మారి వినిపించును.

స్నేహమును లాభముగా బోధించు పుస్తకములు వేరొక తెగ. 1936లో అమెరికాలో డేల్ కార్నెగీ ప్రకటించిన గ్రంథము ఈ తెగలో పేరుమోసినది. మిత్రులను సంపాదించుటకును, పరులను తనవైపు త్రిప్పుకొనుటకును వలయు ఉపాయములను అది చెప్పును. దాని సంతానము నేటికిని పుస్తకాల దుకాణములలో అరలు నిండి యున్నది. పేరు మాత్రమే చూచినచో మన ‘మిత్రలాభము’ను కూడ ఆ వరుసలోనే నిలుపవలసి వచ్చును. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో అది మొదటి భాగము. తరతరముల తెలుగు విద్యార్థులు దానిని సంధులకొరకు, సమాసములకొరకు వల్లించినారు. అందులోని స్నేహమెట్టిదో ఆగి విచారించినవారు తక్కువ.

ఆ కథలో లఘుపతనకమను కాకి హిరణ్యకుడను ఎలుకతో చెలిమి కోరును. ఎలుక వెంటనే సమ్మతింపదు. తినువానికిని తినబడువానికిని మైత్రి ఎట్లు పొసగునని కలుగులోనుండియే వాదించును. కాకి కోపింపక సమాధానము చెప్పును. అనగా ఈ స్నేహము చిరునవ్వుతో గాక వాదముతో మొదలైనది. ఎదుటివాని సందేహమును పూర్తిగా వినిన పిమ్మటనే తలుపు తెరువబడినది.

ఈ కథకు మూలమైన సంస్కృత పంచతంత్రములో తరువాతి ఘట్టము మరింత మనోహరమైనది. మంథరుడను తాబేలును, చిత్రాంగుడను లేడియు వచ్చి కలిసిన పిమ్మట ఆ నలుగురును చెట్టునీడను చేరి సుభాషితగోష్ఠితో ప్రొద్దుపుచ్చుచుందురు.  ఆ గోష్ఠిలో వారు పంచుకొన్నది మాట. ఒకనాడు గోష్ఠివేళకు చిత్రాంగుడు రాలేదు. వాడు ఉరిలో చిక్కుకొన్నాడని ఎవరును వచ్చి చెప్పలేదు. సంభాషణలో ఒక చోటు ఖాళీగా ఉండుటయే వారికి వార్త అయినది. కాకి ఎగిరిపోయి వెదకినది; ఎలుక పోయి త్రాడు కొరికినది. తాబేలు మాత్రము ఇంటివద్ద నిలువలేక మెల్లగా నడచివచ్చి తానే వేటగాని చేత చిక్కినది. లాభనష్టములు లెక్కించువానికి ఆ తాబేలు చేసినది శుద్ధ అవివేకము. అయినను ఆ అవివేకమును కథలోనుండి తీసివేసినచో మిగులునది ఉపాయమే కాని స్నేహము కాదు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నీతిశాస్త్రమును పది భాగములుగా రచించి, అందులో రెండు భాగములు మైత్రికే కేటాయించినాడు. ప్రయోజనముకొరకు, సుఖముకొరకు, సౌజన్యముకొరకు అని స్నేహమును మూడు విధములుగా విభజించినాడు. ఈ విభజన అందరును ఎరిగినదే. అంతకంటె విలువైన మాట ఒకటి ఆ ప్రకరణములలో ఉన్నది. మనుష్యులు కలిసి జీవించుట యనగా పలుకులను, ఆలోచనలను పంచుకొనుట. ఒకే బీటిలో మేయుట పశువులకు చాలునని ఆయన భావము. నేడు ఒకే గదిలో నలుగురు కూర్చుండి, ఎవరి సెల్‌ఫోనులో వారు తల దూర్చుకొని యుండుట చూచినపుడు ఈ మాట గుర్తునకు రాక మానదు. వారు కలిసియే ఉన్నారు. ఎవరి గడ్డి వారు మేయుచున్నారు.

రోమకులలో సిసిరో క్రీస్తుపూర్వము 44లో మైత్రిని గురించి సంవాదరూపమున ఒక గ్రంథము రచించి, దానిని చిరకాలమిత్రుడైన అట్టికస్‌కు అంకితమిచ్చినాడు. అందులో మాటలాడువాడు లీలియస్. అతని ప్రాణమిత్రుడు స్కిపియో క్రీస్తుపూర్వము 129లో మరణించిన కొలది దినములకే ఆ సంభాషణ జరిగినట్లు కల్పన. ఇరువురు అల్లుళ్లు ప్రశ్నింపగా మామ చెప్పును. ఇందులోను ఎదుట ఉన్నది ఖాళీ ఆసనమే. కాలము మరియొక ఖాళీని కూడ కల్పించినది. అట్టికస్‌కు సిసిరో వ్రాసిన జాబులు నాలుగు వందలకు పైగా మిగిలినవి. అట్టికస్ ప్రత్యుత్తరములు ఒక్కటియు మిగులలేదు. సంభాషణలో ఒక ప్రక్క మాత్రమే మనకు వినిపించును. మౌనముగా ఉన్న ప్రక్కను ఊహించుకొనుచు ఆ జాబులు చదువుట వినికిడికి గొప్ప శిక్షణ.

ఫ్రెంచి రచయిత మాంటేన్ కథ ఇంకను హృదయమునకు దగ్గరైనది. బోర్డో న్యాయసభలో తనతోపాటు పనిచేసిన లా బొయెసీతో ఆయనకు గాఢమైన చెలిమి కుదిరినది. కొద్ది యేండ్లకే, 1563లో, లా బొయెసీ ముప్పది రెండవ యేట మరణించినాడు. తన గ్రంథములను మాంటేన్‌కు విడిచిపోయినాడు. 1580లో మాంటేన్ వ్యాససంపుటము వెలువడినది. తన కొక స్నేహితుడు ఉండినచో ఈ భావములను జాబులుగా వ్రాసియుందునని ఆయన ఒకచోట ఒప్పుకొన్నాడు. అనగా వ్యాసమను ప్రక్రియ చిరునామా పోగొట్టుకొన్న ఉత్తరము! అతనిని ఎందుకు ప్రేమించితినో చెప్పలేనని మొదట వ్రాసి, తరువాత తన ప్రతి అంచున, అతడు అతడైనందువలననే, నేను నేనైనందువలననే అను అర్థము వచ్చు మాటలు చేర్చుకొన్నాడు. అంత చిన్న సమాధానమునకు అన్ని యేండ్లు పట్టినవి.

1588లో చేర్చిన మరియొక వ్యాసములో సంభాషణకళను ఆయన విచారించినాడు. చూపు పోయినను సహింతును గాని వినికిడియు పలుకును పోరాదని ఆయన అభిప్రాయము. తనను ఖండించువాడు తనకు ఉపకారి అనియు అన్నాడు. స్త్రీలు ఇట్టి మైత్రికి చాలరని ఆయన మైత్రీవ్యాసములో వ్రాసిన మాట మాత్రము నిలువలేదు. గ్రంథము చదివి ఆయనను కలిసికొనిన మరీ ద గుర్నే అను విదుషియే, ఆయన గతించిన పిమ్మట 1595లో ఆ వ్యాసములను పరిష్కరించి ప్రకటించినది. పుస్తకము తన రచయిత మాటనే కాదనిపించిన ఘట్టమిది.

మన భాషలో ఇట్టి మైత్రీశాస్త్రములు విరివిగా లేవు. అయితే మనకు జంటకవిత్వమున్నది. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద చదివిన సహాధ్యాయులు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, రక్తబంధువులు కారు. వారి పద్యములలో ఏది ఎవరిదని విడదీయుట పాఠకునికి సాధ్యమైన పని కాదు. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించినారు. వేంకటశాస్త్రిగారు మరి ముప్పది యేండ్లు జీవించినారు. ఆ కాలములో రచించిన కృతులను సైతము జంటపేరుతోనే ప్రకటించుచు వచ్చినారు. స్నేహమును గురించి ఆయన వేరుగా సిద్ధాంతము చేయనక్కరలేకపోయినది. ముఖపత్రముమీది ఆ పేరే సిద్ధాంతము. ఆయన ‘కథలు–గాథలు’ చదివినవారు అందులోని వచనము ఎదుట ఎవరో కూర్చుండి ఊకొట్టుచున్నట్లు నడచుటను గమనించియుందురు.

ఈ గ్రంథములు మిత్రులను సంపాదించి పెట్టవు. మాటకు ఎదుటివాడు ఎంత అవసరమో మాత్రము తెలుపును. పోయినవారితో సంభాషణ సాగించుటకు ఇన్ని పుటలు కావలసివచ్చినవి. ఉన్నవారికి ఒక పలకరింపు చాలును. పాఠకునికిని గోష్ఠికి రావడము మానిన చిత్రాంగుడు ఒకడు ఉండియే యుండును. వానివద్దకు పోవుటకు రెక్కలు, పదునైన పండ్లు లేవని వెనుకాడనక్కరలేదు. తన నడక మందమని తెలిసియే మంథరుడు బయలుదేరినాడు.