64 మంది ఉన్న కౌంటీలో మరణ రికార్డు ఎక్కడ వెతకాలి?

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం పడమటి అంచున, న్యూ మెక్సికోను ఆనుకుని లవింగ్ కౌంటీ ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 64 మంది. నేల మాత్రం దాదాపు 1,730 చదరపు కిలోమీటర్లు, అంటే మన హైదరాబాద్ జిల్లాకు సుమారు 8 రెట్లు. కౌంటీ కేంద్రం మెంటోన్ అనే చిన్న ఊరు. ఇంత తక్కువ మంది ఉన్న చోట ఎవరు ఎప్పుడు పోయారో కనుక్కోవడం సులువేనని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పల్లె కౌంటీల్లో మరణ రికార్డు వెతకడం ఎందుకు కష్టమో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మొదటి చిక్కు చావు జరిగిన చోటుతో వస్తుంది. టెక్సాస్ చట్టం ప్రకారం మరణాన్ని 10 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ నమోదు మనిషి బతికిన చోట జరగదు, ప్రాణం పోయిన చోట జరుగుతుంది. లవింగ్‌లో జీవితమంతా పశువులు మేపుకున్న మనిషి పెకోస్ పట్నం ఆస్పత్రిలో కన్నుమూస్తే ఆ కాగితం రీవ్స్ కౌంటీది. ఒడెస్సాకు తీసుకెళ్లాక పోతే ఎక్టర్ కౌంటీది. అందుకే కౌంటీ పేరుతో వెతుకుతూ కూర్చోవడం కన్నా రాష్ట్రం మొత్తం సూచికలో మనిషి పేరుతో వెతకడం మేలు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశ చరిత్ర వెబ్‌సైట్‌లో 1890 నుంచి 1976 వరకు టెక్సాస్ మరణాల సేకరణ ఉంది. మొదట అక్కడ చూడాలి.

రెండో చిక్కు కౌంటీ సరిహద్దులది. మన దగ్గర 2016లో తెలంగాణ 10 జిల్లాలు 31 అయినప్పుడు, 2022లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత కాగితం కోసం ఏ జిల్లా కేంద్రానికి వెళ్లాలో తెలియక ఎంతమంది తిరిగారో చూశాం. లవింగ్ కథ కూడా అలాంటిదే. 1887లో టామ్ గ్రీన్ కౌంటీ నుంచి దాన్ని విడదీశారు. 1893లో పాలన మొదలైంది. 1897లో రాష్ట్ర శాసనసభ ఆ పాలనను రద్దు చేసి ఆ ప్రాంతాన్ని రీవ్స్‌కు కలిపింది. మళ్లీ 1931లో గానీ లవింగ్‌కు సొంత పాలన రాలేదు. అంటే 1897 నుంచి 1931 వరకు లవింగ్ నేల మీద ఏ చావు జరిగినా రీవ్స్ కౌంటీ పుస్తకాల్లోనే వెతకాలి. కాబట్టి ముందు సంవత్సరం తేల్చుకుని, ఆ ఏడాది ఆ నేల ఎవరి కింద ఉందో చూసుకుని, ఆ తర్వాతే ఆ కౌంటీ గుమాస్తాకు ఉత్తరం రాయాలి.

ఇక కాలం సంగతి. టెక్సాస్‌లో రాష్ట్రవ్యాప్తంగా మరణాల నమోదు 1903లో మొదలైంది. చట్టం రాగానే అందరూ నమోదు చేయించారని అనుకోకూడదు. మరణాల్లో కనీసం 90 శాతం నమోదు చేస్తున్న రాష్ట్రాలనే కేంద్రం తన మరణ నమోదు పరిధిలోకి తీసుకునేది. 1900లో 10 రాష్ట్రాలతో స్థిరపడిన ఆ పరిధిలోకి చిట్టచివర, 1933లో చేరింది టెక్సాసే. కాబట్టి 1933కు ముందు సర్టిఫికెట్ దొరక్కపోతే ఆ మనిషి అక్కడ చనిపోలేదని తేల్చేయకండి. ఇంకా వెనక్కి వెళ్తే 1850, 1860, 1870, 1880 జనాభా లెక్కలతో పాటు తయారైన మరణ పట్టికలు ఉన్నాయి. వాటిలో లెక్కకు ముందు 12 నెలల్లో చనిపోయినవాళ్లే ఉంటారు. అంటే ప్రతి పదేళ్లలో ఒక్క ఏడాది లెక్క దొరుకుతుంది, మిగతా తొమ్మిదేళ్లు ఖాళీ.

ఈ కౌంటీకి పేరిచ్చిన ఆలివర్ లవింగ్‌నే చూడండి. పశువుల మందలను వందల మైళ్లు తోలుకెళ్లిన వ్యాపారి. 1867లో పెకోస్ నది దగ్గర కొమాంచీల దాడిలో గాయపడి, న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో ఆ సెప్టెంబరులో చనిపోయాడు. అక్కడే పాతిపెట్టారు. తర్వాత భాగస్వామి చార్లెస్ గుడ్‌నైట్ ఆ దేహాన్ని టెక్సాస్‌కు చేర్పించాడు, 1868లో వెదర్‌ఫర్డ్‌లో మళ్లీ ఖననం చేశారు. గాయం ఒకచోట, మరణం ఇంకోచోట, సమాధి మరోచోట. అప్పటికి అక్కడెక్కడా సర్కారు నమోదు లేదు. అలాంటి కాలానికి సమాధి రాయి, చర్చి పుస్తకం, కుటుంబం ఉత్తరాలే ఆధారం.

1936 తర్వాత సోషల్ సెక్యూరిటీ అనే అమెరికా ప్రభుత్వ పింఛను పథకం లెక్కలు తోడవుతాయి. కానీ ఆ పథకం మరణ సూచికలో ఎక్కువ భాగం 1962 నుంచి మొదలవుతుంది. పైగా సొంత పొలం చేసుకునే రైతులు ఆ పథకంలోకి వచ్చింది 1955 నుంచి. అంతకుముందు పోయిన పల్లె మనుషులను అందులో వెతకడం వృథా ప్రయాస. కొత్త మరణాలకు ఇంకో అడ్డు ఉంది. 2013 చట్టంతో మరణించాక 3 సంవత్సరాల పాటు ఆ సూచికలోని వివరాలు సామాన్యులకు ఇవ్వడం లేదు. టెక్సాస్ సర్టిఫికెట్లయితే 25 ఏళ్లు నిండాకే అందరికీ తెరుచుకుంటాయి. అంతవరకు ముఖ్యంగా దగ్గరి కుటుంబానికే ఇస్తారు.

నన్ను అడిగితే, లవింగ్ లాంటి చమురు నేలలో అన్నిటికన్నా విలువైన ఆధారం మరణ రిజిస్టరు కాదు, భూమి దస్తావేజుల పుస్తకం. బావి పడితే ఖనిజ హక్కులో వాటా ఎవరిదో తేలాలి. వీలునామా లేకుండా పోయినవాళ్ల విషయంలో వారసులెవరో చెబుతూ, కుటుంబాన్ని ఎరిగినవాళ్లు ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్‌ను కౌంటీ గుమాస్తా దగ్గర నమోదు చేయిస్తారు. అందులో చనిపోయిన తేదీ, చోటు, ఎన్ని పెళ్లిళ్లు, ఏ భార్యకు ఏ పిల్లలు, వాళ్లలో ఎవరు పోయారు అన్నీ ఉంటాయి. మనిషి ఎక్కడ చనిపోయినా, భూమి ఉన్న కౌంటీలోనే ఆ కాగితం ఉంటుంది. మరణ రిజిస్టరు దాటేసిన మనిషిని భూమి పుస్తకం పట్టిస్తుంది.

పత్రికల్లో సంతాప వార్తలు వెతికేటప్పుడు ఓపిక కావాలి. పల్లె పత్రికలు చాలావరకు వారపత్రికలు. కాబట్టి మరణ తేదీ తర్వాత కనీసం రెండు మూడు సంచికలు చూడాలి. పరామర్శించినవారికి కుటుంబం కృతజ్ఞతలు చెబుతూ వేయించిన చిన్న ప్రకటన కూడా ఉంటుంది, దాన్ని వదలొద్దు. పాత పత్రికల్లో పెళ్లయిన ఆడవాళ్ల సొంత పేరు తరచు రాదు, భర్త పేరుకు ముందు మిసెస్ అని వస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ నడిపే పోర్టల్ టు టెక్సాస్ హిస్టరీలో పాత పత్రికలు ఉచితంగా చదవొచ్చు.

సర్టిఫికెట్ దొరికాక కూడా ఒక జాగ్రత్త అవసరం. చనిపోయిన తేదీ, కారణం డాక్టరో అధికారో రాసినవి. పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు మాత్రం పక్కనున్నవాళ్లు చెప్పినవి. కొడుకు చెబితే ఒక రకం, అద్దెగది యజమాని చెబితే ఇంకో రకం. సమాచారం ఇచ్చినవారి పేరున్న గడి చూసి ఎంతవరకు నమ్మాలో నిర్ణయించుకోవాలి.

టెక్సాస్‌లో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. మరణ కారణం తేల్చే వైద్యాధికారి, అంటే మెడికల్ ఎగ్జామినర్ లేని చిన్న కౌంటీల్లో రోడ్డు ప్రమాద మరణాన్ని విచారించేది జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక న్యాయాధికారి. కాగితం పుట్టేది కూడా ప్రమాదం జరిగి ప్రాణం పోయిన కౌంటీలోనే, వాళ్లు నివసించే డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో కాదు. ఆ సమయంలో తల్లిదండ్రుల పేర్లు చెప్పేది గదిలో కలిసి ఉంటున్న స్నేహితులు. ఇంటిపేరు ముందో వెనకో, స్పెల్లింగు ఏదో వాళ్లకు తెలియకపోతే ఆ తప్పు ఇక్కడ ఇన్సూరెన్సు దాకా, వారసత్వ సర్టిఫికెట్ దాకా వెంటాడుతుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే తమ పేరు, అమ్మానాన్నల పూర్తి పేర్లు, అమ్మ పుట్టింటి ఇంటిపేరు ఒక కాగితం మీద రాసి, నమ్మకమైన ఇద్దరి దగ్గర ఉంచమని మీ పిల్లలకు ఈ రోజే చెప్పండి.