చుట్ట మానమంటే ఎందుకు మానరు?

పొగ తాగితే కాన్సరు వస్తుందని యీ రోజుల్లో తెలియని వారు అరుదు. పెట్టె మీద బొమ్మ వేసి మరీ చెబుతున్నారు. అయినా అగ్గిపుల్ల గీస్తూనే వుంటారు. "ఆయనకు మనోబలం లేదు" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. అలా తేల్చేసే ముందు ఆ అలవాటు ఎలా ముడిపడిందో చూడండి.

మూడు ముడులు

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ (1904–1990) ఎలుకల మీద, పావురాల మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి వివరించాడు. ఏ పని వెంటనే సుఖాన్నిస్తుందో, లేదా బాధ తగ్గిస్తుందో, ఆ పని మళ్ళీ మళ్ళీ చేస్తాం. దీనినే కార్యసాధక నిబంధనం అంటారు. ఇందులో మూడు ముడులున్నాయి: ముందున్న పరిస్థితి, చేసే పని, దాని ఫలితం.

పొదిలి పొగాకు వేలం కేంద్రానికి వచ్చిన ఒక రైతు సంగతే అనుకుందాం. బేళ్ళు దించాడు. ధర ఎంత పలుకుతుందోనని గుబులు. పక్కాయన సిగరెట్టు ఇచ్చాడు. ఇది పరిస్థితి. వెలిగించడం పని. సుమారు పది సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి, గుబులు తగ్గినట్టుండటం ఫలితం. కాన్సరు ఎన్నో ఏళ్ళ తరువాతి మాట. చేతికందిన సుఖం ముందు దూరాన వున్న భయం నిలవదు. అసలా గుబులులో కొంత, ఇందాకటి సిగరెట్టు ప్రభావం దిగిపోవడం వల్ల వచ్చిందే!

ఏం చెయ్యాలి?

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో మూడు గళ్ళు గీసి రాయండి. ఎప్పుడు, ఎవరితో వుండగా కాల్చారు? తరువాత ఏమనిపించింది? కాఫీ తాగగానే కాల్చే అలవాటుంటే, తాగిన వెంటనే అక్కడినుంచి లేవండి. పెట్టె, అగ్గిపెట్టె జేబులో వుంచుకోకండి. కోరిక పుడితే మంచినీళ్ళు తాగండి, నాలుగడుగులు వెయ్యండి. చాలాసార్లు కొన్ని నిమిషాల్లో అది సడలుతుంది. మిగిలిన డబ్బు ఆ రోజే డిబ్బీలో వెయ్యండి. మంచి ఫలితం కూడా వెంటనే కంటికి కనపడాలి.

మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువ. తరువాత కొద్ది వారాల్లో తగ్గుతాయి. "ఇవాళ ఒక్కటే" అని లొంగితే మాత్రం, పట్టుబడితే దొరుకుతుందని అలవాటుకు నేర్పినట్టే. సిగరెట్టు మాని ఖైనీ పట్టుకోవడం మానడం కాదు.

ఇల్లాళ్ళకు ఒక మాట

కాల్చినప్పుడల్లా సాధిస్తే ఆ చిరాకే మరో సిగరెట్టుకు ముందు పరిస్థితి అవుతుంది. కాల్చని పూట ఒక మంచి మాట అనండి. అది ఎక్కువ పని చేస్తుంది.

స్వంతంగా సాధ్యం కాకపోతే డాక్టరును కలవండి. నికోటిన్ బిళ్ళలు, ఇతర మందులు వున్నాయి. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. ఏ వయసులో మానినా లాభమే.