నక్షత్రమును చీల్చిన చీకటి

ఆదోని పత్తికి పేరుపడిన పట్టణము. ఎమ్మిగనూరు నేతకు పేరుపడినది. దూది ఏకుగా మారుట, ఏకు కదురుపై దారముగా సాగుట ఆ సీమలోని బాలురకు క్రొత్తగాదు. కాని ఒక నక్షత్రమే ఏకువలె సాగి, దారమై తెగిపోవునన్నచో ఎవరికైనను వింతయే.

జనవరి మాసమున రాత్రి ఎనిమిది గంటలకు ఆదోని కొండలమీద నిలిచి చూచినచో, మూడు తారలు ఒకే వరుసలో గల ఓరియన్ మండలము స్పష్టముగా కానవచ్చును. అందు తెల్లగా మెరయు రైజెల్ తారకు కొంచెము పడమట కంటికి చీకటి తప్ప ఏమియు లేదు. ఆ చోటనే, దాదాపు 21 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఒక గెలాక్సీ ఉన్నది. దాని నడుమ సుమారు పది లక్షల సూర్యుల బరువు గల కృష్ణబిలము కలదు.

కృష్ణబిలము నుండి కాంతి సైతము వెలికి రాజాలదు. చుట్టును దానికి ఆహారమేమియు లేనపుడు అది నిద్రించుచున్నట్లే యుండును. మన పాలపుంత నడుమ నున్న కృష్ణబిలమును, 40 లక్షల సూర్యుల బరువు గలదయ్యు, ఇపుడు ఇంచుమించు నిద్రలోనే యున్నది. ఇట్టివానిని కనుగొనుట యెట్లు? ఏదైన నక్షత్రము దారి తప్పి దాని దాపునకు పోయినపుడే అది బయటపడును.

చంద్రుడు భూమియొక్క దగ్గరి వైపును ఎక్కువగను, దూరపు వైపును తక్కువగను లాగుటచేత సముద్రమునకు పోటు వచ్చుచున్నది. కృష్ణబిలము చెంత ఈ తేడా నక్షత్రము ఓర్వలేనంత యగును. నక్షత్రము సాగి, తునిగి, వాయుధారగా మారును. అందు ఇంచుమించు సగము దూరముగా విసరివేయబడును. తక్కిన సగము బిలము చుట్టు పళ్లెమువలె తిరుగుచు, ఒరసికొని, లక్షల డిగ్రీల వేడికెక్కి ఎక్స్ కిరణములను వెలువరించును. ఒక గెలాక్సీలో ఇట్టిది పదివేల ఏండ్లకో, అంతకంటె ఆలస్యముగనో ఒకసారి జరుగును. అందుచే శాస్త్రజ్ఞులు లక్షల గెలాక్సీలను కనిపెట్టి యుండవలెను.

ఆసుపత్రిలో దేహమును దాటి పోవు ఎక్స్ కిరణములు ఆకాశము నుండి నేలకు ఏల చేరవు? మన నెత్తిపైనున్న గాలియంతయు పది మీటర్ల లోతు నీటితో సమానమైన బరువు గలది. అది వానిని మ్రింగివేయును. ప్రాణులకది మేలే, ఖగోళజ్ఞులకు మాత్రము అడ్డు. కావున దూరదర్శినులను గాలి పైకి పంపవలసి వచ్చినది. వాని అద్దములును విచిత్రమైనవే. ఎదురుగా తాకిన ఎక్స్ కిరణము అద్దములోనికి చొరబడును. ఏటవాలుగా, ఇంచుమించు రాసికొనుచు తాకినపుడే మరలును. చెరువు నీటిపై చిల్లపెంకుతో కప్పగంతులు వేయించు బాలునకు ఈ సూక్ష్మము సులభముగా తెలియును.

అట్టి దూరదర్శిని గల ఆస్ట్రోశాట్ ఉపగ్రహము 2015 సెప్టెంబరు 28న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి ఎగిరినది.

రైజెల్ ప్రక్కనున్న ఆ గెలాక్సీలో నక్షత్రము చీలిన వెలుగు 2019లో భూమిపైని దూరదర్శినులకు చిక్కెను. దానికి పెట్టిన పేరు ఏటీ2019క్యూఐజెడ్. కవులు మెచ్చు పేరు కాదు. ఆ చీలిక నిజముగా జరిగినది 21 కోట్ల ఏండ్ల క్రిందట. కబురు మాత్రమే ఆలస్యముగా చేరినది. 2023 డిసెంబరులో అమెరికావారి చంద్ర దూరదర్శిని అటు చూడగా ఎక్స్ కిరణములు ఒక్కసారి భగ్గుమని మరల తగ్గినవి. పిదప ఇతర ఉపగ్రహములతోపాటు ఆస్ట్రోశాట్ కూడ గమనించెను. ఆ మంట సుమారు 48 గంటల కొకసారి మరల మరల వచ్చుచున్నట్లు తేలినది. మాట్ నికోల్ నాయకత్వమున జరిగిన ఈ పరిశోధన 2024 అక్టోబరులో ప్రకటింపబడినది. చచ్చిన నక్షత్రపు శిథిలములు పళ్లెముగా పరచుకొనగా, ముందే ఆ బిలము చుట్టు తిరుగుచున్న వేరొక నక్షత్రమో, చిన్న కృష్ణబిలమో ప్రతి చుట్టులో రెండుసార్లు ఆ పళ్లెమును చీల్చుకొని పోవుచున్నదని వారి నిర్ణయము. ఆ రెండవది నక్షత్రమా, కృష్ణబిలమా యన్నది ఇంకను తేలవలసి యున్నది.