ఎండీఎన్ పేజీ చదవడం ఎలా? ఒక సార్ట్ బటన్ కథ

"అన్నా, జావాస్క్రిప్ట్‌లో డౌట్ వస్తే ఎక్కడ చూడాలి?" అని చాలామంది అడుగుతున్నారు. నేను చూసేది ఎండీఎన్ వెబ్ డాక్స్. లాగిన్ అక్కర్లేదు, డబ్బులు కట్టక్కర్లేదు. అయితే నాకు ఇది అలవాటైంది ఒక దెబ్బ తిన్నాకే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బట్టల సైట్‌కి "ధర తక్కువ నుంచి ఎక్కువ" అనే బటన్ రాశాను. టెస్టింగ్‌కి నేను పెట్టుకున్న ధరలు 250, 400, 780. కరెక్ట్‌గానే వచ్చాయి. సైట్ లైవ్‌కి వెళ్ళింది. మర్నాడు చూస్తే 1000 రూపాయల చీర అన్నిటికన్నా పైన, 90 రూపాయల కర్చీఫ్ అన్నిటికన్నా కింద! క్లయింట్ ఫోన్ మీద ఫోన్. నేనేమో డేటాబేస్‌ని అనుమానించి రాత్రి ఒంటిగంట దాకా దాన్నే తిరగేశా. పొద్దున మా టీమ్‌లో సీనియర్ ఒకావిడ అడిగిన మాట ఒక్కటే, "సార్ట్ పేజీ చదివావా?"

చదవలేదు. ఎక్కడో దొరికిన కోడ్ కాపీ కొట్టాను, అంతే.

ఆ పేజీ మొదట్లోనే ఉంది విషయం. ఎలా పోల్చాలో మనం చెప్పకపోతే, సార్ట్ ప్రతి అంకెనీ అక్షరాల కింద మార్చేసి, డిక్షనరీలో పదాలు పేర్చినట్టు పేరుస్తుంది. 1000లో మొదటిది 1, 90లో మొదటిది 9. ఒకటి ముందు, తొమ్మిది తర్వాత. నా టెస్ట్ ధరలన్నీ మూడంకెలవే కాబట్టి తప్పు బయటపడలేదు. బ్రాకెట్లో ఒక చిన్న ఫంక్షన్ ఇచ్చి "ఏ మైనస్ బీ" తిరిగిస్తే చాలు, సరైపోయింది.

అందుకే పేజీ తెరవగానే ఉదాహరణ దగ్గరికి దూకకండి. పైన ఉన్న రెండు పేరాలు చదవండి. తర్వాత "రిటర్న్ వాల్యూ" అనే భాగం. సార్ట్ కొత్త లిస్ట్ ఇవ్వదు, మీ అసలు లిస్ట్‌నే మార్చేస్తుంది అని అక్కడే రాసుంటుంది. (దాంట్లో కూడా పడ్డాను లెండి, ఆ కథ ఇంకోసారి.) అసలు లిస్ట్ అలాగే ఉండాలంటే "టు సార్టెడ్" వాడాలి. కానీ అది 2023 నాటికి గానీ ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలోకీ రాలేదు. మీ యూజర్ చేతిలో అప్‌డేట్ చెయ్యని పాత ఫోన్ ఉంటే? పేజీ అడుగున బ్రౌజర్ టేబుల్ ఉంటుంది, ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో అందులో చూసుకోవచ్చు.

దీన్ని 2005లో మొజిల్లా మొదలుపెట్టింది. 2017లో గూగుల్, మైక్రోసాఫ్ట్, శాంసంగ్ లాంటివాళ్ళు కూడా చేతులు కలిపారు. ఇప్పుడు పేజీలన్నీ గిట్‌హబ్‌లో ఉన్నాయి, తప్పు కనిపిస్తే మీరే దిద్ది పంపొచ్చు.

తెలుగులో లేదు, ఇంగ్లీషులో చదువుకోవాలి. మొదట్లో ఒక పేజీకి అరగంట పట్టినా కంగారు పడకండి, ఇవే పదాలు ప్రతి పేజీలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఊరెళ్ళే బస్సులో సిగ్నల్ పోతుంది అనుకుంటే డెవ్‌డాక్స్ అనే సైట్ చూడండి. ఇదే సమాచారాన్ని ఫోన్‌లో ముందే దింపుకుని, నెట్ లేకుండా చదువుకోవచ్చు.

ఈ వారం "గెట్ మంత్" పేజీ తెరవండి. జనవరికి అది ఏ అంకె ఇస్తుందో చూసి, మీ పాత కోడ్‌లో తేదీలు ఒకసారి చెక్ చేసుకోండి.