దెబ్బతో అడుగు పెరగదు

సంక్రాంతి మొదలుకొని శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి దాకా, ఆపైన ఊరి తిరునాళ్లలోనూ, మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతుంటాయి. ఎడ్ల పళ్లు చూసి విభాగాలు చేస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన నిమిషాల్లో జత ఎన్ని అడుగుల దూరం లాగిందో టేపు పట్టి కొలిచి బహుమతి ప్రకటిస్తారు. ఉలవలు పెట్టి, ఒళ్లు తోమి, నెలల తరబడి సాకిన ఒంగోలు జాతి ఎడ్లు బరిలోకి దిగితే చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. ఈ పోటీని మనం ఎద్దు బలానికి పరీక్షగానే చూస్తున్నాం. అది తోలేవాడి మనసుకు కూడా పరీక్షే. తోలేవాడు తన ఆదుర్దాను, కోపాన్ని అదుపులో పెట్టుకున్నప్పుడే ఎద్దు తన పూర్తి సత్తువ చూపగలదు. గుర్రాల మీద జరిగిన పరిశోధన ఇటువైపే చూపుతోంది. దాన్ని మన బరికి అన్వయించుకుంటే ముల్లుగర్రకూ చర్నాకోలకూ అక్కడ చోటుండకూడదని నా వాదన.

బండ కదిలే ఆ మొదటి క్షణాన్ని దగ్గరనుంచి గమనిస్తే విషయం అర్థమవుతుంది. జరుగుతున్న బండను లాగడం కంటే నిలిచి ఉన్న బండను కదిలించడానికే ఎక్కువ బలం కావాలి. నేలకూ రాయికీ మధ్య ఉన్న ఒరిపిడి ఆ క్షణంలోనే అత్యధికం. రెండు ఎడ్లూ ఒకేసారి మెడలు వంచి, కాడి మీద భుజం మోపి, వెనక కాళ్లు నేలలో పాతుకున్నట్టు తన్నిపెడితేనే బండ లేస్తుంది. అప్పుడు వెనకనుంచి ఒక ఎద్దు మీద దెబ్బ పడిందనుకోండి. అది ఉలిక్కిపడి ముందుకు దూకుతుంది, రెండోది ఇంకా తల ఎత్తే ఉంటుంది. కాడి ఒక పక్కకు ఒరుగుతుంది, దూకిన ఎద్దు బలం బండకు చేరకుండా జతగాడి మెడ మీద వృథా అవుతుంది. పశువుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ చాలా మేర కనబడుతుంది కానీ, సరిగ్గా తన వెనకున్నది మాత్రం కనబడదు. కనబడని చోటునుంచి వచ్చే నొప్పి దానికి పని నేర్పదు, పారిపోవాలన్న తలంపు మాత్రమే పుట్టిస్తుంది. మైకుల హోరు, ఈలలు, డప్పుల మధ్య అసలే బెదిరి ఉన్న జీవానికి ఇది మరీ చేటు.

మనిషి ఆదుర్దా పశువుకు ఎలా సోకుతుందో స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగం చక్కగా చూపించింది. కొందరిచేత గుర్రాలను ఒకే దారిలో పలుమార్లు నడిపించారు, కొందరిని వాటిపై స్వారీ చేయమన్నారు. చివరిసారి వెళ్లేటప్పుడు గుర్రం పక్కనే ఒక గొడుగు టక్కున తెరుచుకుంటుందని వాళ్లకు ముందే చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా, ఇప్పుడు తెరుచుకుంటుందేమోనన్న ఎదురుచూపుతో మనుషుల గుండె వేగం పెరిగింది, వారితోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. పగ్గం పట్టిన చేయి బిగుసుకోవడం, అడుగు తడబడటం, ఊపిరి మారడం వంటివాటిని పశువు పసిగడుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఎడ్లు గుర్రాలు కావు కదా అంటారేమో. పశువులూ మనిషిని గుర్తుపెట్టుకుంటాయి. పాడి ఆవుల మీద 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమతో కఠినంగా వ్యవహరించిన మనిషి పాలు పిండే సమయంలో దగ్గర నిలబడితే ఆవులు పొదుగులో ఎక్కువ పాలు చేపకుండా మిగుల్చుకున్నాయి. భయం కండరాన్నీ పొదుగునూ కూడా బిగిస్తుందన్నది మన పాడి రైతులకు కొత్త సంగతేమీ కాదు.

"కొరడా లేకపోతే ఎద్దు కదులుతుందా? పందెం గెలుస్తామా?" అన్నది మొదటి అభ్యంతరం. గుర్రప్పందాల్లో తరతరాలుగా ఇదే మాట వినిపించింది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2011లో దీన్ని లెక్కలతో పరీక్షించారు. గుర్రాలు అత్యంత వేగంగా పరుగెత్తింది కొరడా వాడకానికి ముందు, చివరి 600 నుంచి 400 మీటర్ల మధ్య. కొరడా దెబ్బలు ఎక్కువగా పడింది చివరి 400 మీటర్లలో, అంటే అవి అలిసిపోయి వేగం తగ్గుతున్నప్పుడు. ఎక్కువ దెబ్బలు తిన్నంత మాత్రాన గుర్రం మెరుగైన స్థానంలో నిలవలేదు. బ్రిటన్‌లో కొరడా వాడకుండా నడిపే పందాలను, వాడే పందాలతో పోల్చి 2020లో చేసిన మరో అధ్యయనంలో పందెం ముగిసిన సమయాల్లోగాని, భద్రతలోగాని, గుర్రం అదుపులోగాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బండ లాగడం, పరుగెత్తడం ఒకటి కాదని ఒప్పుకుంటాను. కానీ అలసటకు మందు దెబ్బ కాదన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది. కొట్టగానే ఎద్దు ఒక అంగ ముందుకు వేయడం కంటికి కనబడుతుంది. ఆ అంగ తర్వాత లయ చెడి పోయిన పది అడుగులు ఎవరూ లెక్కపెట్టరు.

మరి దెబ్బ స్థానంలో ఏం రావాలి? క్రీడా మనస్తత్వశాస్త్రం చెప్పేది తేలికైనదే, అయితే సాధన కావాలి. ఉద్వేగం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పనితనం దిగజారుతుందని యెర్కీస్, డాడ్సన్ అనే శాస్త్రజ్ఞులు 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాలనుంచి పుట్టిన అవగాహన నేటికీ క్రీడాకారుల శిక్షణలో ఉపయోగపడుతోంది. బరిలోకి దిగేముందు తోలేవాడు రోజూ చేసే పనులనే అదే వరుసలో చేయాలి: కాడి సరిచూడటం, మెడ నిమరడం, పేరు పెట్టి పిలవడం, ఊపిరి నిదానంగా వదలడం. బహుమతి మీద ధ్యాస పెట్టకుండా, రెండు ఎడ్లూ ఒకేసారి భుజం మోపుతున్నాయా అన్న ఒక్కదాని మీదే చూపు నిలపాలి. శిక్షణలో ఒక పిలుపుకు ఒకే అర్థం ఉండాలి. పగ్గం బిగించినప్పుడు ఎద్దు స్పందిస్తే ఆ క్షణమే వదలాలి. వదలడమే దానికి "సరిగా చేశావు" అన్న కబురు. చేసినా చేయకపోయినా దెబ్బలు పడుతుంటే దానికి ఏది సరైనదో ఎప్పటికీ తెలియదు. గుర్రాన్ని కోపంలో ఉన్నప్పుడు ముట్టుకోవద్దని గ్రీకు సైనికుడు జెనొఫోన్ రెండువేల ఏళ్లకు పైబడిన కాలం కిందటే రాశాడు.

"మా ఎడ్లను బిడ్డల్లా సాకుతాం, మాకు దయ నేర్పుతారా?" అని రైతు అడగవచ్చు. ఆ ప్రేమను ఎవరూ కాదనలేరు. ట్రాక్టర్లు వచ్చాక కూడా ఈ మెట్ట ప్రాంతంలో ఒంగోలు ఎడ్ల జతలు కొట్టాల్లో మిగిలాయంటే, అందులో పందెం మీద మమకారానికీ వాటా ఉంది. అయితే కొట్టంలో ప్రేమగా ఉన్న చేయి, వేలమంది చూస్తుండగా ఓటమి ముంచుకొస్తుంటే ముల్లుగర్ర వెతుక్కుంటుంది. పరువు, పందెం డబ్బు, పక్క ఊరి మీద పంతం మనిషిని తొందరపెడతాయి. అలాంటి క్షణం కోసమే మనసుకు శిక్షణ కావాలి. ఇంకొందరు ఎదురువైపునుంచి, "పశువు తానై ఒప్పుకోని పోటీ ఎందుకు, మొత్తం ఆపేయండి" అంటారు. ఈ అభ్యంతరం బరువైనది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు కేసులో పశువులకు భయం, నొప్పి, బాధ లేకుండా బతికే హక్కును గట్టిగా నొక్కిచెప్పింది. 2023 మే 18న అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఇలాంటి పోటీలను అనుమతిస్తూ తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తెచ్చిన చట్టాలను సమర్థించింది, నిబంధనలు కచ్చితంగా అమలవ్వాలని కూడా చెప్పింది. ఇక బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనలు ముళ్లున్న కర్ర వాడకాన్ని నిషేధించాయి. 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య వాటితో పని చేయించవద్దన్నాయి. మన మెట్ట ప్రాంతపు ఎండలకు ఈ హద్దు ఎంత అవసరమో వేరే చెప్పాలా? హింస లేకుండా నడపలేని పోటీని సంప్రదాయం పేరుతో కాపాడలేం. నడపగలమని చూపించే బాధ్యత నిర్వాహకులదే.

అందుకే కమిటీల పెద్దలకు ఒక విన్నపం. వచ్చే తిరునాళ్ల కరపత్రంలోనే నియమం అచ్చువేయండి: బరిలో కర్ర ఉండదు, ఒక్కో దెబ్బకు లాగిన దూరంలోంచి కొన్ని అడుగులు కోత పడుతుంది, ఎద్దు మోకరిల్లితే లేదా నురగ కక్కితే ఆ జత పోటీ అక్కడితో ఆగుతుంది, పశువైద్యుడి మాటే చివరిమాట. పోటీలు పొద్దున, సాయంత్రం చల్లబాటులో పెట్టండి. ఒక్క దెబ్బ పడకుండా ఎక్కువ అడుగులు లాగించిన తోలేవాడికి మొదటి బహుమతితో సమానమైన బహుమతి ఇవ్వండి. ఆ మనిషే ఈ ప్రాంతంలో అందరికంటే గొప్ప పోటీదారు.